కరువొస్తే ముందు తగ్గాల్సింది బండి వాటా

2023 జూన్ 13న కేంద్ర ప్రభుత్వం భారత ఆహార సంస్థ ఎఫ్‌సీఐ గోదాముల నుంచి రాష్ట్రాలకు బహిరంగ మార్కెట్ పథకం కింద బియ్యం, గోధుమలు అమ్మడం ఆపేసింది. ధరలు పెరుగుతున్నాయి, వానల మీద భరోసా లేదు, నిల్వలు కాపాడుకోవాలి అన్నది చెప్పిన కారణం. అప్పుడే గద్దెనెక్కిన కర్ణాటక ప్రభుత్వం అన్నభాగ్య పథకంలో మనిషికి ఇంకో ఐదు కిలోల బియ్యం ఇస్తామని జనానికి మాట ఇచ్చి ఉంది. కిలో 34 రూపాయలు పెట్టి కొంటామన్నా బియ్యం దొరకలేదు. చివరికి జులై నుంచి బియ్యానికి బదులు మనిషికి 170 రూపాయల చొప్పున ఖాతాల్లో వేయాల్సి వచ్చింది. అదే ఎఫ్‌సీఐ బియ్యం పెట్రోలులో కలిపే ఇథనాల్ తీసే డిస్టిలరీలకు మాత్రం కిలో 20 రూపాయల లెక్కన మరికొన్ని వారాలు వెళ్తూనే ఉంది. జులైలో అదీ ఆగింది. ఆ నెల 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించారు. డిసెంబరు 7న చెరకు రసంతో ఇథనాల్ తీయొద్దని మిల్లులకు ఉత్తర్వు వెళ్లింది. మిల్లుల యజమానులు గగ్గోలు పెట్టడంతో కొద్ది రోజుల్లోనే దాన్ని కొంత సడలించి, 17 లక్షల టన్నుల చక్కెర మేరకు ఇథనాల్‌కు మళ్లించుకోనిచ్చారు.

ఈ ఆరు నెలల నిర్ణయాలను వరసగా పెట్టి చూస్తే జీవ ఇంధనాల విధానంలో చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. ఒకే గోదాము ముందు రేషన్ కార్డూ పెట్రోలు బంకూ నిలబడ్డాయి. బాగా పండిన ఏడు ఇద్దరికీ సరిపోతుంది. పంట తగ్గిన ఏడు ఎవరి వాటాకు ముందు కోత పడాలి? దీనికి మన దగ్గర రాసిపెట్టిన జవాబు లేదు. ధరలు పెరిగి, పత్రికల్లో రాతలు మొదలయ్యాక హడావుడిగా ఒక ఉత్తర్వు వస్తుంది. తినేవారికి ఊరట ఆలస్యంగా అందుతుంది, అప్పు చేసి డిస్టిలరీ కట్టినవారు ఉన్నట్టుండి మునుగుతారు, పంట వేసిన రైతుకు ఏం జరుగుతోందో అర్థం కాదు. కొరత ఏడాదిలో ఇంధనం వాటా ముందుగా, అందరికీ ముందే తెలిసిన లెక్క ప్రకారం తగ్గిపోయే ఏర్పాటు ఉండాలన్నది ఈ వ్యాసం వాదన. ఇరవై ఏళ్లుగా వివిధ దేశాల్లో జరిగింది చూసినా అక్కడికే వస్తాం.

టాంకీలో ఎన్ని కిలోలు

టన్ను బియ్యం నుంచి సుమారు 450 లీటర్లు, టన్ను మొక్కజొన్న నుంచి 380 లీటర్లు, టన్ను చెరకు నుంచి 70 లీటర్ల ఇథనాల్ వస్తుంది. మామూలు బైకు టాంకీ 11 లీటర్లు అనుకుందాం. 20 శాతం కలిపిన పెట్రోలు నింపితే అందులో ఇథనాల్ 2.2 లీటర్లు. అది బియ్యంతో తీసినదైతే దాని వెనుక ఉన్నది దాదాపు 4.9 కిలోల బియ్యం. ఆహార భద్రత చట్టం కింద ఒక మనిషికి నెలకు ఇచ్చే ధాన్యం ఐదు కిలోలు. 40 లీటర్ల కారు టాంకీ అయితే 18 కిలోలు, అంటే ముగ్గురు మనుషుల నెల కోటా దాటుతుంది.

ఈ లెక్క చెప్పి అన్నం తగలబెడుతున్నారని తీర్పు ఇచ్చేయడం తేలికే కానీ న్యాయం కాదు. ఇథనాల్ అంతా బియ్యంతో రాదు. చక్కెర తీయగా మిగిలే మొలాసిస్‌ను మనిషి తినడు. రంగు మారిన, పురుగు పట్టిన గింజలు రేషన్‌కు పనికిరావు. ధాన్యం నుంచి ఇథనాల్ తీశాక మూడో వంతు బరువు పిప్పిగా మిగిలి పశువుల దాణాకు వెళ్తుంది. మన ముడిచమురులో 85 శాతానికి పైగా విదేశాల నుంచి వస్తోంది కాబట్టి పెట్రోలులో ఎంత కలిస్తే అంత విదేశీ మారకం మిగులుతుంది. చెరకు రైతుల బకాయిలు తీరడంలోనూ ఇథనాల్ డబ్బు అక్కరకొచ్చింది. ఇవన్నీ నిజాలే.

వీటి పక్కన ఇంకో నిజం కూడా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. వాళ్ల కంచంలో బియ్యం లేక ఈ స్థితి రాలేదు. పప్పు, గుడ్డు, నూనె, పాలు, కూరగాయలు చాలకపోవడం వల్ల వచ్చింది. అందుకే ఇథనాల్ వల్ల ఆహారానికి ఇబ్బంది ఉందా లేదా అన్నది గోదాముల్లో బియ్యం బస్తాలు లెక్కపెడితే తేలదు. ఏ పొలంలో ఏ పంట పోయి ఏ పంట వచ్చింది, కోడి దాణా ధర ఎంత, నూనె ప్యాకెట్ ఎంత అన్నవి చూడాలి. ప్రభుత్వం చూపే మిగులు లెక్కల్లో ఇవేవీ కనిపించవు.

అడవి ఆముదం నుంచి ఎఫ్‌సీఐ దాకా

మోటారు ఇంధనంగా ఆల్కహాల్‌ను వాడాలన్న ఆలోచన పాతదే. 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టం చేశారు. ఇప్పటి కార్యక్రమం మాత్రం 2003 జనవరిలో తొమ్మిది రాష్ట్రాలు, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాల్లో 5 శాతంతో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో ఉంది. అప్పట్లో ఆధారమంతా మొలాసిస్. చెరకు తగ్గగానే ఇథనాల్ దొరక్క కార్యక్రమం చతికిలపడింది. 2013-14లో కూడా కలిసింది ఒకటిన్నర శాతమే.

2003లోనే ప్రణాళికా సంఘం కమిటీ డీజిల్ కోసం ఇంకో దారి చూపింది. 1.12 కోట్ల హెక్టార్లలో అడవి ఆముదం, అంటే జట్రోఫా వేస్తే 2011-12 కల్లా 20 శాతం బయోడీజిల్ సాధ్యమంది. నీళ్లు అక్కర్లేదు, బంజరులో పెరుగుతుంది, పశువు ముట్టదు అని ఊదరగొట్టారు. మన మెట్ట ప్రాంతాల్లోనూ నర్సరీలు పెట్టి మొక్కలు పంచారు. నీళ్లు లేకపోతే మొక్క చావదన్న మాట నిజమే గానీ కాయ కూడా కాయదని మూడు నాలుగేళ్లలో తేలిపోయింది. ఇంకో సంగతి ఎవరూ ముందు అడగలేదు. కాగితం మీద బంజరు అని రాసిన భూమిలో ఊళ్లో గొర్రెలూ మేకలూ మేస్తాయి. పొయ్యిలోకి పుల్లలు అక్కడినుంచే వస్తాయి. పేదవారి ఆహార భద్రతలో ఆ భూమికి వాటా ఉంది.

అదే కాలంలో ఆదిలాబాద్ అడవుల్లో జరిగిన ఒక చిన్న ప్రయత్నం మాత్రం నాకు గౌరవంగా గుర్తుంది. పవర్‌గూడ అనే గిరిజన గూడెంలో మహిళా సంఘం కానుగ గింజలు ఏరి, గానుగ పట్టి, నూనె తీసింది. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తోడ్పడ్డారు. ఆ నూనె డీజిల్ బదులు వాడితే పదేళ్లలో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని లెక్కకట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు ఆ సంఘానికి 645 డాలర్లు చెల్లించింది. మొత్తం చిన్నదే. అయితే కానుగ చెట్టు అప్పటికే అక్కడ ఉంది. గింజ మనిషి తినేది కాదు. పిండి పొలానికి ఎరువైంది. ఆదాయం ఏరిన ఆడవాళ్ల చేతికే వచ్చింది. జీవ ఇంధనం ఆహారాన్ని ముట్టుకోకుండా ఊరికి మేలు చేయాలంటే ఎలా ఉండాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. దేశానికి అవసరమైన కోట్ల లీటర్లు ఆ దారిలో రావన్నదీ అంతే నిజం.

2009 జాతీయ జీవ ఇంధన విధానం ఆహారేతర ముడిసరుకు, ఆహార పంటలకు పనికిరాని భూమి అని గీత గీసింది. 2018 విధానం ఆ గీతను చెరిపేసింది. మిగులు ఉందని వ్యవసాయ శాఖ అంచనా వేసిన ఏడాది, జాతీయ జీవ ఇంధన సమన్వయ కమిటీ ఆమోదంతో ఆహార ధాన్యాన్నీ ఇథనాల్‌కు వాడొచ్చంది. 2020 ఏప్రిల్‌లో ఎఫ్‌సీఐ మిగులు బియ్యానికి ఆ కమిటీ పచ్చజెండా ఊపింది. 2030కి పెట్టుకున్న 20 శాతం లక్ష్యం 2025-26కు ముందుకు జరిగింది. 2022 జూన్‌లో 10 శాతం, 2025లో 20 శాతం అందుకున్నారు. వేగం ఆశ్చర్యపరిచేదే. కానీ 2025-26 ఇథనాల్ సంవత్సరానికి చమురు సంస్థలు తొలుత కేటాయించిన 1,048 కోట్ల లీటర్లలో మొక్కజొన్నది మొదటి స్థానం, ఎఫ్‌సీఐ బియ్యానిది రెండో స్థానం. చెరకు ఉత్పత్తులన్నీ కలిపినా మూడో వంతు లేవు.

అమెరికా మొండిపట్టు, బ్రెజిల్ సర్దుబాటు

అమెరికా 2005, 2007 చట్టాలతో పెట్రోలులో జీవ ఇంధనం కలపడం తప్పనిసరి చేసింది. ఏటా ఇన్ని వందల కోట్ల గ్యాలన్లు అని అంకె చట్టంలోనే రాసేసింది. ఇప్పుడు అక్కడి మొక్కజొన్నలో దాదాపు 40 శాతం ఇథనాల్ కర్మాగారాలకే పోతోంది. 2007 జనవరిలో మెక్సికోలో మొక్కజొన్న రొట్టె ధర పెరిగి జనం వీధుల్లోకి వచ్చారు. 2008 నాటికి ప్రపంచమంతా తిండిగింజల ధరలు భగ్గుమన్నాయి. ఆ పెరుగుదలలో జీవ ఇంధనాల వాటా ఎంత అన్నదానిపై ఆర్థికవేత్తలు ఇప్పటికీ ఒక మాట మీద లేరు. ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త డొనాల్డ్ మిచెల్ జీవ ఇంధనాలు, వాటి పర్యవసానాలు కలిపి 70 నుంచి 75 శాతం కారణమన్నారు. అంత లేదన్నవారూ చాలామంది ఉన్నారు. చమురు ధర, డాలరు విలువ, ఎగుమతి నిషేధాలు కూడా పనిచేశాయి. శాతాల మీద ఎంత వాదించుకున్నా, ధర ఎంత పెరిగినా తగ్గని కొనుగోలుదారు ఒకరు మార్కెట్లో ఉంటే మిగతావారే సర్దుకోవాల్సి వస్తుందన్న విషయంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. 2011లో పది అంతర్జాతీయ సంస్థలు జీ-20 దేశాలకు ఇచ్చిన నివేదిక ఈ నిర్బంధ లక్ష్యాలను ఎత్తేయమని సిఫారసు చేయడానికి కారణం అదే.

2012లో అమెరికాను పెద్ద కరువు కమ్మింది. మొక్కజొన్న పంట ఎండింది. కోళ్లు, పశువులు పెంచే రాష్ట్రాల గవర్నర్లు ఆ ఒక్క ఏడాదికైనా ఇథనాల్ నిబంధన సడలించమని వేడుకున్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) అప్పటి అధిపతి జోసె గ్రాజియానో డ సిల్వా కూడా బహిరంగంగా అదే కోరారు. నవంబరులో పర్యావరణ సంస్థ ఈపీఏ కుదరదు పొమ్మంది. సడలించే అధికారం చట్టంలో ఉన్నా, ఎప్పుడు సడలించాలో గీసిన గీత స్పష్టంగా లేకపోతే ఏమవుతుందో ఇక్కడ చూడొచ్చు.

బ్రెజిల్ పద్ధతి వేరు. 1975 నుంచి పెద్దఎత్తున చెరకు ఇథనాల్ వాడుతున్న ఆ దేశంలో ఎంత కలపాలో చట్టం ఒకే అంకెగా చెప్పలేదు. అప్పట్లో 18 నుంచి 25 శాతం మధ్య ప్రభుత్వం నిర్ణయించుకోవచ్చంది. 2011లో చెరకు దిగుబడి పడిపోతే అక్టోబరు నుంచి 25ను 20కి దించారు. పంట పుంజుకున్నాక మళ్లీ పెంచుకుంటూ వచ్చి 2025 ఆగస్టులో 30కి చేర్చారు. చెరకు ఎక్కడ వేయొచ్చో, ఎక్కడ వేయకూడదో చెప్పే పటాన్ని 2009లో తెచ్చారు. దాన్ని 2019లో రద్దు చేసి ఒక మంచి పని చెడగొట్టుకున్నారు. మనం వాళ్ల నుంచి ఇథనాల్ ఎంత కలిపినా నడిచే ఫ్లెక్స్ ఇంధనం కార్లను నేర్చుకుంటున్నాం గానీ, కలిపే శాతాన్ని పంటతో పాటు పెంచడం, దించడం నేర్చుకోలేదు.

చైనా 2007లో ధాన్యం ధరలు పెరగగానే కొత్త ధాన్యపు ఇథనాల్ కర్మాగారాలకు అనుమతి ఆపింది. మొక్కజొన్న గుట్టలు పడ్డాక 2017లో దేశమంతటా 10 శాతం అని ప్రకటించింది. నిల్వలు కరిగిపోయాక 2020లో ఆ ఆలోచన పక్కన పెట్టింది. ఐరోపా సమాఖ్య 2015లో ఆహార పంటల నుంచి తీసే ఇంధనాన్ని రవాణా లెక్కలో 7 శాతానికి మించి గుర్తించబోమని పరిమితి పెట్టింది. అడవులు నరికించే పామాయిల్ రకం ఇంధనాన్ని 2030 కల్లా పూర్తిగా వదిలేయాలని తర్వాత నిర్ణయించింది.

ఇండోనేసియా సంగతి మన వంటింటికి సూటిగా తగులుతుంది. అక్కడ డీజిల్‌లో పామాయిల్ 2020లో 30 శాతం, 2023లో 35, 2025లో 40 శాతానికి చేరింది. 2022 ఏప్రిల్ 28 నుంచి కొన్ని వారాలు ఆ దేశం పామాయిల్ ఎగుమతినే నిషేధించింది. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ పామాయిల్ కొనేది మనమే. మిర్చి బజ్జీల బండి నుంచి హాస్టల్ వంటశాల దాకా అదే నూనె. జకార్తాలో డీజిల్ శాతం పెంచితే ఇక్కడ లీటరు ప్యాకెట్ ధర కదులుతుంది. ఏలూరు, ఖమ్మం జిల్లాల్లో పామాయిల్ తోటలు వేస్తున్న రైతుకు అది లాభమే, రోజుకూలీ ఇంటికి కాదు. ఇలాంటి విధానం ఏ దేశానికి ఆ దేశం సొంత వ్యవహారంగా ఉండదు.

మొక్కజొన్న, గుడ్డు, మినుము

2023 డిసెంబరులో చెరకు మీద ఆంక్షలు పెట్టాక ప్రభుత్వం మొక్కజొన్న వైపు తిరిగింది. 2024 జనవరిలో మొక్కజొన్న ఇథనాల్ ధరను లీటరు 71.86 రూపాయలకు పెంచింది. ముందు ఏడాది 30 కోట్ల లీటర్ల పైచిలుకు ఉన్న మొక్కజొన్న ఇథనాల్ 2023-24లో 280 కోట్లు దాటింది. దానికి 70 లక్షల టన్నులకు పైగా గింజ కావాలి. మొక్కజొన్న ఎగుమతి చేసే దేశం ఆ ఏడాది మయన్మార్, ఉక్రెయిన్‌ల నుంచి దిగుమతి చేసుకుంది.

దెబ్బ మొదట తగిలింది కోళ్ల రైతులకు. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది దేశంలో మొదటి స్థానం, తెలంగాణ మూడోది. లేయర్ కోడి దాణాలో సగానికి పైగా మొక్కజొన్నే. గుడ్డు ఖర్చులో పెద్ద భాగం దాణా. దాణా పెరిగితే చిన్న ఫారం ముందు మూతపడుతుంది, గుడ్డు ధర తర్వాత పెరుగుతుంది. అంగన్‌వాడీలో, మధ్యాహ్న భోజనంలో పిల్లలకు ఇచ్చే గుడ్డు ఆ ధరకే కొనాలి. డిస్టిలరీ పిప్పి దాణాగా తిరిగొస్తుంది కదా అంటారు. వస్తుంది, కొంతవరకు మేలే. అయితే అందులో పిండిపదార్థం పెద్దగా ఉండదు, బూజు విషాలు గింజలోకన్నా చిక్కబడి ఉంటాయి. నాణ్యత చూసుకోకుండా కోడికి పెట్టలేరు. పైగా ఆ పిప్పి చౌకగా మార్కెట్లోకి రావడంతో సోయా చెక్కకు గిరాకీ తగ్గి సోయా రైతులు దెబ్బతిన్నారు. నూనెగింజల సాగు పెంచాలని ఒక చేత్తో పథకం పెట్టి, ఇంకో చేత్తో సోయా ధర దించడం ఏ విధమైన ప్రణాళికో అర్థం కాదు.

ఇక కృష్ణా, గుంటూరు మాగాణుల కథ. వరి కోతకు ముందే పొలంలో మినుము, పెసర వెదజల్లి, మిగిలిన తేమతోనే పంట తీయడం అక్కడ తరతరాల అలవాటు. పల్లాకు తెగులు, బంగారు తీగ కలుపు పెరిగి మినుము దెబ్బతినడంతో రైతులు దుక్కి లేకుండా వరి కొయ్యల మధ్య మొక్కజొన్న విత్తడం మొదలుపెట్టారు. ఇది ఇథనాల్ రాకముందే మొదలైంది, దిగుబడీ బాగుంది, రైతును తప్పుపట్టడానికి లేదు. కానీ మొక్కజొన్నకు ఇథనాల్ గిరాకీ తోడైతే ఆ పొలాలు మినుముకు తిరిగి రావడం ఇంకా కష్టం. 2024-25లో దేశం ఎన్నడూ లేనంతగా, 70 లక్షల టన్నులకు పైగా పప్పుధాన్యాలు దిగుమతి చేసుకుంది. పెట్రోలు దిగుమతి తగ్గించుకునే ప్రయత్నంలో కందిపప్పు, నూనె, మొక్కజొన్న దిగుమతి పెంచుకుంటే విదేశీ మారకం లెక్క కూడా మళ్లీ వేసుకోవాలి.

రైతుకైనా ఈ గిరాకీ నిలకడగా దక్కిందా అంటే అదీ లేదు. 2025 ఖరీఫ్‌లో మొక్కజొన్న విరగపండింది. మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. కర్ణాటక మార్కెట్లలో అంతకు చాలా తక్కువ పలికి, హావేరి, గదగ్ ప్రాంతాల రైతులు ఆందోళనకు దిగారు. కారణాలు చాలా ఉన్నా, డిస్టిలరీలకు మళ్లీ చౌకగా దొరికిన ఎఫ్‌సీఐ బియ్యం వాటిలో ఒకటి. 2025లో ఆ బియ్యం ధర కిలో 22.50 రూపాయలు. సేకరణ, మిల్లింగు, రవాణా, నిల్వ కలిపి ఎఫ్‌సీఐకి కిలోకు అయ్యే ఖర్చు 40 రూపాయల దగ్గర ఉంటుంది. తేడా పన్ను కట్టే మనమే భరిస్తున్నాం. అంటే కరువు ఏడాది తినేవారికీ, మిగులు ఏడాది రైతుకూ ఈ విధానం ఆదరవు కాలేదు.

మిగులు వాదన

మిగులు ధాన్యాన్ని ఇథనాల్‌కు వాడాలన్న మాట తెలంగాణలో గట్టిగా వినిపిస్తుంది. యాసంగి వడ్లు మరపడితే ఎండ దెబ్బకు గింజ విరిగి నూకలు ఎక్కువ. ఉప్పుడు బియ్యం కొనేది లేదని కేంద్రం అన్న 2021-22 గొడవ ఎవరూ మరిచిపోలేదు. గోదాములు నిండాయి, మిల్లుల్లో బస్తాలు ఏళ్లతరబడి మురిగాయి. అలాంటప్పుడు నూకల నుంచి ఇథనాల్ తీస్తే తప్పేంటి? తప్పేమీ లేదు. నిజంగా మిగిలినదాన్ని, నిజంగా చెడినదాన్ని వాడుకోవాలి.

ఇబ్బంది ఎక్కడంటే, మిగులును వాడుకోవడానికని కట్టిన కర్మాగారం మిగులు లేని ఏడాది మూతపడి ఉండదు. వడ్డీ రాయితీలతో డిస్టిలరీలు ఎడాపెడా వచ్చాయి. 2025-26కు 1,776 కోట్ల లీటర్లు ఇస్తామని అవి ముందుకొస్తే చమురు సంస్థలు తీసుకున్నది 1,048 కోట్లే. ఖాళీగా ఉన్న ప్రతి డిస్టిలరీ వెనుక ఒక బ్యాంకు అప్పు ఉంటుంది. ఆ అప్పు తీరాలంటే 20 శాతాన్ని 27కో 30కో పెంచమనే ఒత్తిడి రాక తప్పదు, ఇప్పటికే వస్తోంది. అలా ఇంకా పండని పంట మీద కూడా మిగులు పేరుతో హక్కు ఏర్పడిపోతోంది. నీటి సంగతీ ఉంది. యాసంగి వరికి చాలాచోట్ల నీళ్లు తోడేది కరెంటు మోటార్లు. చెరకు విషయంలో నీతి ఆయోగ్ 2021 రోడ్‌మ్యాపే లీటరు ఇథనాల్‌కు 2,860 లీటర్ల నీళ్లు పడతాయని రాసింది. భూగర్భ జలాన్ని తోడి వరి పండించి, ఆ బియ్యాన్ని ఇంజిన్‌లో కాల్చడాన్ని పునరుత్పాదక ఇంధనం అనడానికి నాకు మనసొప్పదు.

భూమి లెక్క కూడా చూడాలి. ఇంధన రంగ ఆర్థిక వ్యవహారాలు చూసే ఐఈఈఎఫ్‌ఏ సంస్థ 2022లో వేసిన అంచనా ప్రకారం ఒక హెక్టారు సోలార్ పలకల కరెంటుతో విద్యుత్ కార్లు ఏడాదిలో తిరిగే దూరం మొక్కజొన్న ఇథనాల్‌తో తిరగాలంటే 187 హెక్టార్లు కావాలి. ఆ అంకెలో సగమే నిజమనుకున్నా, నేల కరువైన దేశానికి ఏది దారో తెలుస్తుంది.

ఊళ్లు ఎందుకు ఎదురుతిరిగాయి

నారాయణపేట జిల్లా చిత్తనూరులో 2023లో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో, గద్వాల జిల్లా పెద్దధన్వాడలో 2025 జూన్‌లో ఇథనాల్ కర్మాగారాలకు వ్యతిరేకంగా జనం లేచారు. దిలావర్‌పూర్‌లో పనులు ఆగాయి. పెద్దధన్వాడ కేసులో రైతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకురావడం రాష్ట్రమంతా చూసింది. వాళ్ల భయాలు వాసన, వాగులోకి వదిలే నీళ్లు, బోర్లు ఎండిపోవడం. వీటన్నిటికీ జవాబులు ఉండొచ్చు. కానీ ఆ జవాబులు చెప్పే వేదికే లేకుండా చేశారు. 2021 జూన్ 16న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, వ్యర్థజలం బయటికి వదలకుండా, పెట్రోలులో కలపడానికి మాత్రమే ఇథనాల్ తీసే ధాన్యపు డిస్టిలరీలను ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేని తరగతిలో వేశారు. ఊరివాళ్లకు సంగతి తెలిసేసరికి ప్రహరీగోడ లేస్తోంది. అనుమతులు త్వరగా ఇవ్వాలన్న తొందరే చివరికి ఎక్కువ ఆలస్యం తెచ్చింది.

గడ్డి, పేడ, పొయ్యి

ఆహారాన్ని ముట్టుకోని ముడిసరుకు లేదా? ఉంది. పానిపట్‌లో 2022 ఆగస్టు 10న ప్రారంభించిన కర్మాగారం ఏటా రెండు లక్షల టన్నుల వరిగడ్డితో మూడు కోట్ల లీటర్ల ఇథనాల్ తీసేలా కట్టారు. 1,048 కోట్ల లీటర్లు గడ్డితోనే కావాలంటే అలాంటివి 350 కట్టాలి, ఏడు కోట్ల టన్నుల గడ్డి కావాలి. దేశంలో వాడకం పోను మిగిలే పంట వ్యర్థాలు 20 కోట్ల టన్నులకు పైగా ఉంటాయని కేంద్రం అంచనా. కాగితం మీద సరిపోతుంది. కానీ పంజాబులో తగలబెట్టే గడ్డి వేరు, మన దగ్గర గడ్డివాములో ఉండి ఏడాదంతా గేదెను మేపే గడ్డి వేరు. వరికోత యంత్రాలు వచ్చాక ఇక్కడా తగలబెట్టడం పెరిగింది, ఆ గడ్డిని కట్టలు కట్టి తీసుకెళ్తే రైతుకు ఎంతో కొంత డబ్బు వస్తుంది. ఎక్కడ మిగులుందో మండలాల వారీగా చూసుకోవాలి, దేశం మొత్తానికి ఒక అంకె చెప్పి పని కానివ్వకూడదు.

తీపి జొన్నతో ఇక్రిశాట్ చేసిన ప్రయోగమూ చెప్పుకోవాలి. కంకి ఇంటికి, కాడ రసం ఇథనాల్‌కు, పిప్పి పశువుకు. ఆలోచన అద్భుతం. అప్పటి మెదక్ జిల్లాలో డిస్టిలరీ కూడా వచ్చింది. కోసిన కాడను వెంటనే గానుగ ఆడకపోతే చక్కెర తగ్గిపోతుంది, పంట ఏడాదిలో కొద్ది వారాలే వస్తుంది. వ్యాపారంగా అది నిలదొక్కుకోలేదు. ఊళ్లోనే రసం తీసి పాకం కాచే చిన్న కేంద్రాలతో ఆ చిక్కును దాటొచ్చని కూడా ఇక్రిశాట్ వాళ్లు చేసి చూపారు. మొక్కజొన్నకు ఇచ్చిన ధర భరోసా ఈ పంటకు ఏనాడూ దక్కలేదు.

బయోగ్యాస్ నాకు అన్నిటికన్నా ఆశ కలిగిస్తుంది. పేడ, కోళ్ల ఎరువు, చక్కెర మిల్లు మడ్డి, ఊరి చెత్త నుంచి గ్యాస్ వస్తుంది, మిగిలిన రొచ్చు పొలానికి ఎరువవుతుంది. 2018లో 2023 కల్లా 5,000 ప్లాంట్లు అన్నారు. గడువు దాటేనాటికి నడిచినవి పదుల్లోనే. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 500 ప్లాంట్ల ప్రణాళిక ఉంది. 2025 ఏప్రిల్‌లో కనిగిరి దగ్గర దివాకరపల్లిలో మొదటిదానికి శంకుస్థాపన చేశారు. అక్కడ ముడిసరుకు బంజరు భూముల్లో పెంచే నేపియర్ గడ్డి. కనిగిరి మెట్టలో ఆ గడ్డికి నీళ్లు ఎక్కడివి, ఆ బంజరులో ఇన్నాళ్లూ ఎవరి గొర్రెలు మేశాయి అన్న ప్రశ్నలు ఇప్పుడే అడగాలి. అడవి ఆముదం అప్పుడు ఇవి అడగలేదు.

జీవ ఇంధనం అంటే బండి ఇంధనమే అన్నట్టు చర్చంతా నడుస్తోంది. దేశంలో నలభై శాతం ఇళ్లు కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కట్టెలు, పిడకల మీదే వండుకుంటున్నాయి. తిండి ఉండి కూడా వండుకోవడానికి ఇంధనం చాలని ఇంటికి అది ఆహార భద్రత సమస్యే. పెరటి గోబర్ గ్యాస్‌కు ఇచ్చే రాయితీ ఏనాడూ డిస్టిలరీకి ఇచ్చే వడ్డీ రాయితీ అంత ఆసక్తితో అమలు కాలేదు.

రాసిపెట్టాల్సినవి

కలిపే శాతం ఒకే అంకెగా ఉండకూడదు. 10కీ 20కీ మధ్య పట్టీగా ఉండాలి. కేంద్ర నిల్వలు బఫర్ ప్రమాణానికి ఎంత పైన ఉన్నాయి, టోకు ధర గత మూడేళ్ల సగటుకు ఎంత దూరంలో ఉంది అన్న రెండు లెక్కలతో ఆ పట్టీలో ఎక్కడ నిలవాలో ముందే రాసిపెట్టాలి. బియ్యం నిల్వ ప్రమాణం జులై 1కి 135 లక్షల టన్నులు. ఆ అంకె పక్కనే ఇథనాల్ శాతం కూడా ఉంటే ఏ ఏడాది ఏం జరగబోతోందో రైతుకు, డిస్టిలరీకి, గృహిణికి ముందే తెలుస్తుంది. శాతం తగ్గిస్తే కొత్త బండ్లకు ఇబ్బంది లేదు, పాత బండ్లకు ఇంకా మంచిది. ఈ ఏర్పాటు రెండువైపులా పనిచేయాలి. 2025లో మాదిరి మొక్కజొన్న మద్దతు ధర కిందికి పడితే కొనుగోలు పెరగాలి, రైతుకు మద్దతు ధర చెల్లించినట్టు చూపిన డిస్టిలరీకే ఆ కోటా దక్కాలి.

ధరల వరసను కూడా తిరగరాయాలి. ఇప్పుడు మొక్కజొన్న ఇథనాల్‌కు 71.86 రూపాయలు, చక్కెర మొత్తం తీసేశాక మిగిలే మొలాసిస్ ఇథనాల్‌కు 57.97 రూపాయలు. ముడిసరుకు ఖర్చును బట్టి పెట్టామంటారు. ఆ లెక్కలో తినే పంటకు ఎక్కువ, తినలేని మడ్డికి తక్కువ ముడుతోంది. గడ్డి, పేడ, మడ్డి నుంచి తీసినదానికి తిండిగింజల కన్నా ఎక్కువ ధర, ఎక్కువ కాలం ఒప్పందం ఉంటే పెట్టుబడి అటు వెళ్తుంది. ప్రజాభిప్రాయ సేకరణ మినహాయింపు ఎత్తేయాలి. నీటి లభ్యత చూడకుండా ఏ జిల్లాలోనూ ధాన్యపు డిస్టిలరీకి అనుమతి ఇవ్వకూడదు. భూమి, నీళ్లు, ధరలు, ఉపాధి అన్నీ కొలిచే 24 సూచికలను 2011లోనే ప్రపంచ బయోఎనర్జీ భాగస్వామ్యం తయారుచేసి పెట్టింది. ఆహారానికి ముప్పు లేకుండా ప్రణాళిక వేసుకునే పద్ధతిని ఎఫ్‌ఏఓ టాంజానియా, పెరూ, థాయిలాండ్‌లలో అమలు చేసి చూపింది. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

అన్నిటికన్నా ముందు, మిగులు ఉందని సంతకం పెట్టేది ఎవరన్నది తేలాలి. ఏ ధాన్యం ఎంత ఇథనాల్‌కు పోవచ్చో ఆమోదించే జాతీయ జీవ ఇంధన సమన్వయ కమిటీకి అధ్యక్షుడు పెట్రోలియం మంత్రి. పెట్రోలు లక్ష్యం చేరుకోవాల్సిన మంత్రే బియ్యం మిగిలిందో లేదో తేల్చే కుర్చీలో కూర్చుంటున్నారు. ఆ నిర్ణయం ఆహార శాఖ చేతికి రావాలి. వడ్లు పండించే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, పంజాబు, ఛత్తీస్‌గఢ్, ఒడిశా లాంటి రాష్ట్రాలకు అందులో ఓటుండాలి. రేషన్, అంగన్‌వాడీ, మధ్యాహ్న భోజనానికి రాష్ట్రాలు అడిగిన బియ్యం ఇచ్చాకే, మిగిలిన లెక్కను పత్రికల్లో ప్రకటించాకే డిస్టిలరీ లారీకి గోదాము తలుపు తెరవాలి. 20 శాతం దాటి ముందుకు వెళ్లే ఏ నిర్ణయమైనా ఈ మార్పు జరిగిన తర్వాతే తీసుకోవాలి.